రన్ డిఫెన్స్ అన్నయ్యగారు

మొన్న ఆగస్టులో కారుకి ఆయిల్ మార్పించడానికి వెళ్ళి వెయిటింగ్ రూంలో కూర్చున్నాను. బల్ల మీద, డెట్రాయిట్ పక్కనున్న మా ఫార్మింగ్టన్ హిల్స్ వారపత్రిక పడి ఉంటే తిరగేశాను. చివరి పేజీల్లో మా ఊరి హైస్కూల్ ఫుట్‌బాల్ టీం గురించి రాశారు. కొత్త సీజన్ మొదలవబోతోందట. బంతి విసిరే కుర్రాడు గట్టివాడేనట, పట్టుకునేవాళ్ళూ ఉన్నారట. కోచ్‌కి ఉన్న బెంగల్లా ఒక్కటే, రన్ డిఫెన్స్.

ఆ మాట చూడగానే నవ్వొచ్చింది. ఫోన్ తీసి ఆ పేజీని ఫోటో తీశాను. పంపుదామని పేరు వెతుకుతుంటే అప్పుడు గుర్తొచ్చింది, పంపడానికి ఆ మనిషి లేరని. మార్చిలోనే పోయారు. అంత్యక్రియలకి నేనూ మా ఆయనా వెళ్ళాం కూడా. తెలియక కాదు, అలవాటు.

మెకానిక్ వచ్చి కారు తయారైందని చెప్పాక కూడా కాసేపు లేవబుద్ధి కాలేదు.

నేను ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవారు. మాది గుంటూరు వైపు, వాళ్ళది కరీంనగర్ వైపు. మా అమ్మాయీ వాళ్ళబ్బాయీ ఒకే స్కూల్లో ఒకే క్లాసు కావడంతో ఏర్పడిన పరిచయం. మా అమ్మాయి స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేది. వాళ్ళబ్బాయి వంశీ ఫుట్‌బాల్ ఆడేవాడు. మన పిల్లలు ఫుట్‌బాల్ మైదానంలో కనిపించారంటే బ్యాండ్‌లోనే. హెల్మెట్ కింద మన పిల్లవాడి మొహం ఉండడం నేను చూసినంతలో అదే మొదలు.

ఈ ఫుట్‌బాల్ కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో ముందుకి విసరనైనా విసరాలి, చంకలో ఇరికించుకుని మనుషుల మధ్యలోంచి దూసుకునైనా పోవాలి. అలా దూసుకొచ్చేవాణ్ణి ఆపడమే రన్ డిఫెన్స్. నాకు ఈ సంగతి చెప్పింది ఆయనే.

"కబడ్డీ చూసినవా చెల్లె? గదే అనుకో. కాకపోతే కూత ఉండదు, ఊపిరి తీసుకోవచ్చు. గంతే తేడా" అన్నారు.

మనిషి సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగినట్టు ఉండేవారు. కొడుకు అందుకు పూర్తిగా విరుద్ధం. మేనమామ పోలికట. పదో క్లాసుకే తలుపుకి అడ్డంగా నిలబడితే వెనక ఎవరున్నారో కనిపించేది కాదు. టీంలో వాడిది సరిగ్గా నడిమధ్య స్థానం. నేలకి ఒక చెయ్యి ఆనించి, బంతికి ఎదురుగా కూర్చుని, ఆట మొదలవగానే లేచి అక్కడే నిలబడిపోవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి నెట్టినా కదలకూడదు. కదిలితే సందు పడుతుంది, ఆ సందులోంచి బంతి ఉన్నవాడు పోతాడు. తోటి పిల్లలకి వంశీ అనే పేరు నోరు తిరగక వ్యాన్ అని పిలిచేవాళ్ళు. చూసేవాళ్ళకి ఆ పేరు ఆకారాన్ని బట్టి వచ్చిందేమో అనిపించేది.

అన్నయ్యగారితో ఆట చూడడమంటే వేరే రకం. ఆయన కేకలు వేయరు. చప్పట్లు కొట్టరు. జేబులో వేయించిన పల్లీలు పోసుకుని ఒక్కొక్కటీ పొట్టు నలిపి నోట్లో వేసుకుంటూ మైదానం మధ్యలోకే చూస్తూ ఉంటారు. బంతి గాల్లోకి లేచి, జనమంతా అటు తలలు తిప్పినా ఈయన మాత్రం ఇంకా అక్కడే, మధ్యలో కుప్పగా పడ్డ పిల్లల్ని చూస్తూ ఉండేవారు. ఎవరైనా పిల్లవాడు పడి వెంటనే లేవకపోతే ఈయన లేచి నిలబడేవారు. మనవాడా, అవతలి టీం వాడా అని లేదు. వాడు లేచి నాలుగడుగులు వేసేదాకా కూర్చునేవారు కాదు. వెనక వరసవాళ్ళు కనబడటం లేదని విసుక్కున్నా వినిపించుకునేవారు కాదు.

మన తెలుగువాళ్ళ విందుల్లో ఆయన్ని చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. మగవాళ్ళంతా బేస్‌మెంట్‌లో చేరి ఇళ్ళ ధరలూ, ఎవరి కంపెనీలో ఎవరిని తీసేస్తున్నారూ, క్రికెట్ స్కోరూ మాట్లాడుకుంటూ ఉంటే ఈయన ప్లేటు పట్టుకుని వచ్చి, "పోయిన వారం చూసిన్రా, మనోళ్ళకి మధ్యల ఎంత సందు పడ్డదో?" అనేవారు. ఒక్కొక్కరూ పెరుగన్నం కోసమని పైకి వచ్చేసేవాళ్ళు. మా ఆయన ఓసారి వంటింట్లోకి వచ్చి, "మళ్ళీ రన్ డిఫెన్స్ మొదలెట్టారు, కాసేపు ఇక్కడ నిలబడనీ" అన్నారు. ఆ పేరు అలా స్థిరపడిపోయింది. రన్ డిఫెన్స్ అన్నయ్యగారు. ఆయనకీ తెలుసు. ఎవరైనా ఫోన్ చేస్తే, "ఆ, రన్ డిఫెన్స్ మాట్లాడుతున్న" అని తనే అనేవారు.

ఇంత సన్నటి మనిషికి, కరీంనగర్‌లో పుట్టి ఇంజనీరింగ్ చదివి కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో పనిచేసే మనిషికి, ఈ పిచ్చి ఎందుకు పట్టిందో అడిగాను ఓసారి. పిల్లాణ్ణి అంత మోటు ఆటలో ఎందుకు వేశారనే అందరిలాగే నా ప్రశ్న కూడా.

"నేను వేయలేదు చెల్లె" అన్నారు. "మిడిల్ స్కూల్ల వాణ్ణి మస్తు సతాయించిన్రు. లావున్నడని, వాసనొస్తదని. లంచ్ బాక్స్ బాత్రూంల కూసొని తినేటోడట. మాకు చెప్పలే. హైస్కూల్‌కి వచ్చినంక కోచ్ చూసి రమ్మన్నడు. నేను వద్దన్న. వాళ్ళమ్మ వద్దన్నది. మొదటి రోజు ప్రాక్టీస్ చేసి ఇంటికొచ్చిండు. ఒళ్ళంతా మట్టి, మోచెయ్యి గీకుకపోయింది. నవ్వుకుంట వచ్చిండు. వాడు నవ్వంగ చూసి రెండేండ్లాయె మేము. ఇగ నేనేమనాలె చెప్పు."



వంశీ హైస్కూల్ చివరి సంవత్సరంలోకి వచ్చేసరికి డెట్రాయిట్ చుట్టుపక్కల రోజులు బాగాలేవు. కార్ల కంపెనీలు దివాలా అంచుకి వచ్చి, వాటి మీద బతికే చిన్న కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మా ఆయన ఉద్యోగం ఉందో ఊడుతుందో తెలియక మేం ఇంట్లో గట్టిగా మాట్లాడుకోవడం కూడా మానేశాం. అన్నయ్యగారి ఉద్యోగం అంతకుముందు చలికాలంలోనే పోయింది. గ్రీన్‌కార్డ్ వచ్చేసింది కాబట్టి దేశం విడిచి వెళ్ళాల్సిన పని పడలేదు. వదిన మందుల దుకాణంలో ఫార్మసిస్ట్. ఇల్లు ఆవిడ జీతం మీద నడిచింది.

"ఈయనకి ఉద్యోగం లేదు, బెంగ మాత్రం ఫుల్ టైం" అని వదిన నవ్వుతూనే అనేది. కానీ ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉండేది.

ఆ ఆగస్టంతా ఆయన మైదానం కంచె పక్కన ఒక మడత కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఒక వైపు చెయ్యి విరిగిన కుర్చీ. పక్కనే తారు పరిచిన పార్కింగ్ స్థలంలో బ్యాండ్ పిల్లల శిక్షణ. నేను పిల్లలకి నీళ్ళూ నారింజ ముక్కలూ అందించే వాలంటీర్‌ని. విరామం దొరికినప్పుడల్లా వెళ్ళి ఆయన పక్కన నిలబడేదాన్ని. గడ్డం రోజూ గీసుకునే మనిషి, ఆ వేసవిలో మానేశారు. తెల్లగా పెరిగింది.

"ఈసారి ఎలా ఉంది అన్నయ్యగారూ మన టీం?" అని అడిగేదాన్ని, ఆయన మాట్లాడతారని.

"ఏముంది చెల్లె. మధ్యల ఉన్న ముగ్గురిల ఇద్దరు పోయిన సంవత్సరమే గ్రాడ్యుయేట్ అయిపోయిన్రు. ఇగ వీడొక్కడే. అటు ఇటు ఉన్నది చిన్న పిలగాండ్లు. వీడు నిలవడ్డంతసేపే టీం నిలవడతది. అవతలోళ్ళు పిచ్చోళ్ళా? ఎక్కడ పల్చగుంటే అక్కడ్నే కొడ్తరు."

పేపర్‌లో కూడా అదే రాశారు ఆ ఏడు. రన్ డిఫెన్స్ భారం అంతా వ్యాన్ మీదే అని. ఆ కాయితం కత్తిరించి వదిన ఫ్రిజ్‌కి అంటించింది. ఆట పేరు వింటేనే చిరాకు పడే మనిషి, కొడుకు ఫోటో పడిందని.

ఒకరోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. కోచ్ పిల్లల చేత ఒకటే పని మళ్ళీ మళ్ళీ చేయిస్తున్నాడు, వంగి కూర్చోవడం, లేచి ఢీకొనడం. హెల్మెట్‌లు తగిలే చప్పుడు మా దాకా వినిపిస్తోంది. అన్నయ్యగారు పల్లీలు తినడం లేదు.

"అలబామా నుంచి ఫోన్ వచ్చింది చెల్లె" అన్నారు. "సీట్ల కంపెనీనే. ఉద్యోగం ఇస్తరట."

"అయ్యో, ఎంత మంచి మాట చెప్పారు! వదినకి చెప్పారా?"

"చెప్పిన. సెప్టెంబర్‌ల చేరాలన్నరు. నవంబర్ దాకా ఆగుమని అడిగిన. కుదరదన్నరు." కంచె తీగలోంచి వేళ్ళు దూర్చి పట్టుకున్నారు. "వద్దని చెప్పిన."

అలబామా ఇక్కడికి ఒక రోజు ప్రయాణం, నిజమే. అయినా ఆ రోజుల్లో ఉద్యోగం వస్తానంటే వద్దన్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

"మీరు ముందు వెళ్ళి, వాళ్ళు తర్వాత రావచ్చుగా అన్నయ్యగారూ?"

"పోవచ్చు. వాళ్ళమ్మ కూడ గదే అన్నది. కానీ చెల్లె, వానికి ఇదొక్కటే సీజన్ మిగిలింది. కాలేజీల ఆడేటంత పొడుగు లేడు, వానికీ తెల్సు. దీని తర్వాత ఎన్నడూ ఆడడు. నా జాబ్ మల్లొస్తది. ఇది రాదు." కంచె వదిలేసి, "ఆమె నాతోని రెండు రోజులు మాట్లాడలే. మాట్లాడకపోవుడు న్యాయమే" అన్నారు.

సీజన్ మొదలైంది. మొదటి రెండు ఆటలూ గెలిచారు. వంశీ మధ్యలో గేదెలా నిలబడ్డాడు. మూడో ఆట కూడా గెలిచేలాగే ఉన్నాం. రెండో సగంలో ఒకసారి అవతలి టీం కుర్రాడు తల వంచుకుని వచ్చి వంశీని ఢీకొన్నాడు. ఇద్దరూ పడ్డారు. అన్నయ్యగారు లేచి నిలబడ్డారు. వంశీ లేచాడు, కానీ లేచి అవతలి టీం వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి వచ్చాడు. పక్కవాడు వాడి భుజం తట్టాడు. అందరూ నవ్వుకున్నారు. ఆట నడిచింది. అన్నయ్యగారు మాత్రం చివరిదాకా కూర్చోలేదు.

ఆ ఆదివారం వాళ్ళని మా ఇంటికి భోజనానికి పిలిచాను. వంశీకి నా చేతి గోంగూర మాంసం అంటే ప్రాణం. మామూలుగా అయితే కుర్చీ లాక్కోకముందే ప్లేటు పట్టుకునేవాడు. ఆరోజు వచ్చి కూర్చుని ప్లేటు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఆంటీ, లైట్ ఆఫ్ చేయొచ్చా?" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి వెలుతురు వస్తూనే ఉంది. లైట్ ఆపాను. రెండు ముద్దలు తిని, "ఇది ఏం కర్రీ ఆంటీ?" అని అడిగాడు. గోంగూర అని చెప్పాను. కాసేపటికి మళ్ళీ, "ఇది ఏం కర్రీ?" అన్నాడు. మా అమ్మాయి కిసుక్కుమని నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. వదిన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అన్నయ్యగారు తినడం ఆపేశారు.

భోజనాలయ్యాక నేను సింక్ దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. తండ్రీ కొడుకులు వెనక తలుపు బయట మెట్ల మీద కూర్చున్నారు. జాలీ తలుపులోంచి మాటలు వినబడుతున్నాయి.

"ఎప్పటి నుంచి నొస్తుంది?"

"నొప్పేం లేదు నాన్నా. ఐ యామ్ ఫైన్."

"లైట్ ఎందుకు ఆపమన్నవ్?"

వంశీ బూటుతో మెట్టుని తన్నుతున్న చప్పుడు.

"ట్రైనర్‌కి చెప్పినవా?"

"చెప్పను. చెప్తే కూర్చోపెట్టేస్తారు. నాన్నా, ప్లీజ్. నువ్వూ చెప్పొద్దు. నేను లేకపోతే మిడిల్‌లో ఎవరు ఉన్నారు? యూ నో దట్. అందరికంటే నీకే బాగా తెలుసు."

"నాకు తెల్సు" అన్నారు ఆయన.

"మరి?"

ఆయన మెట్టు మీద నుంచి లేచిన చప్పుడైంది. వాళ్ళు వెళ్ళేటప్పుడు వంశీ నాకు రెండుసార్లు బై చెప్పాడు.

సోమవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"చెల్లె, స్కూల్‌కి పోతున్న. కోచ్‌తోని మాట్లాడాలె. నువ్వు కొంచెం నాతోని వస్తవా?"

"వస్తాను. నేనేం మాట్లాడాలి అన్నయ్యగారూ?"

"నువ్వేం మాట్లాడద్దు. ఒక్కణ్ణే పోతే పార్కింగ్‌ల నుంచే మర్లి వస్తనేమో అని."

కోచ్ అరవై దాటిన మనిషి. గదంతా పాత చెప్పుల వాసన, గోడల మీద పాత టీంల ఫోటోలు. అన్నయ్యగారు కూర్చోమన్నా కూర్చోలేదు. వంశీ ఢీకొన్న సంగతి, అవతలి టీం వైపు నడిచిన సంగతి, లైట్ సంగతి, కూర పేరు రెండుసార్లు అడిగిన సంగతి అన్నీ వరసగా చెప్పారు. చదివి అప్పజెప్పినట్టు చెప్పారు. రాత్రంతా మనసులో అనుకుంటూ ఉన్నారని నాకు అర్థమైంది.

కోచ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"వాడు నాతో ఏమీ అనలేదు" అన్నాడు.

"మీకు చెప్పడు. నాకూ చెప్పలేదు."

"మీకు తెలుసు కదా, వాడు లేకపోతే మధ్యలో నాకు ఎవరూ లేరు."

"తెలుసు" అన్నారు అన్నయ్యగారు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. "ఆగస్టు నుంచి ఊళ్ళో అందరికీ ఆ మాట చెప్తూ తిరిగింది నేనే."

కోచ్ చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత ఫోన్ తీసి, పిల్లల దెబ్బలు చూసే ట్రైనర్‌ని పిలిచాడు. బయటికి వచ్చేటప్పుడు ఆయనతో చెయ్యి కలిపి వెంటనే వదల్లేదు. చెడ్డవాడు కాదు ఆ కోచ్. అలసిపోయిన మనిషి, అంతే. ఆ ఏడు ఎవరు అలసిపోలేదు కనక.

డాక్టర్ చూసి ఈ సీజన్‌కి ఇంక ఆట లేదన్నాడు. మెదడు లోపల దెబ్బ, మళ్ళీ తగిలితే ప్రమాదం అన్నాడు. వంశీ కొన్ని వారాలు చీకటి గదిలో ఉన్నాడు. తలనొప్పి తగ్గింది, స్కూల్‌కి వెళ్ళసాగాడు. తండ్రితో మాత్రం మాట్లాడలేదు. అడిగితే తల ఊపేవాడు, అంతకుమించి లేదు. వదినతో మాట్లాడేవాడు, నాతో మాట్లాడేవాడు. "హీ టుక్ ఇట్ ఆంటీ" అన్నాడు నాతో ఒకసారి. "నాకు ఉన్నది అదొక్కటే. నాన్నకి తెలుసు. తెలిసి కూడా తీసేసుకున్నారు."

ఆ ఒక్క సీజన్ కోసమే నాన్న అలబామా వదులుకున్నారని వాడికి తెలుసో లేదో నేను అడగలేదు. చెప్పనూ లేదు. అది నేను చెప్పాల్సిన మాట కాదనిపించింది.

అన్నయ్యగారు ఆటలకి రావడం మానేస్తారనుకున్నాను. మానలేదు. ప్రతి వారం వచ్చి అదే వరసలో కూర్చునేవారు. తలనొప్పి తగ్గాక వంశీ కూడా వచ్చి, మామూలు బట్టల మీద టీం జెర్సీ వేసుకుని మైదానం అంచున నిలబడి ఉండేవాడు. వాడి స్థానంలో పదో క్లాసు పిల్లవాణ్ణి పెట్టారు. పాపం వాడు తన శక్తికొద్దీ నిలబడేవాడు. అవతలివాళ్ళు వాడి మీదుగానే దారి వేసుకునేవాళ్ళు. మళ్ళీ మళ్ళీ అదే చోటు నుంచి బంతి పట్టుకుని పోయేవాళ్ళు. ఓడిపోవడం మొదలైంది, ఒకటి, తర్వాత ఇంకొకటి. ఆగస్టులో ఆయన చెప్పినట్టే జరుగుతోంది, ఒక్క అక్షరం తేడా లేకుండా. తన మాట నిజమవుతూ ఉంటే సంతోషించని మనిషిని అప్పుడే చూశాను.

ఒక ఆటలో మా ముందు వరసలో ఇంకో పిల్లవాడి తండ్రి కూర్చున్నాడు. ఎర్రటి మనిషి, పెద్ద గొంతు. మళ్ళీ మధ్యలోంచి పరుగు పోయేసరికి పక్కవాడితో, "ఆ వ్యాన్ ఉంటే ఇలా ఉండేదా? కుర్రాడు ఆడతానన్నాడట. వాళ్ళ నాన్నే వెళ్ళి చెప్పి కూర్చోపెట్టాడట. మా రోజుల్లో తలకి దెబ్బ తగిలితే నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళేవాళ్ళం" అన్నాడు.

వదిన మొహం కందిపోయింది. లేవబోయింది. అన్నయ్యగారు ఆవిడ మోచేతి మీద చెయ్యి వేసి ఆపి, కాస్త ముందుకి వంగారు.

"నిజమేనండీ" అన్నారు ఆ మనిషితో. "ఈ ఏడు మనకి మధ్యలో చాలా కష్టంగా ఉంది."

ఆ మనిషి వెనక్కి తిరిగి చూశాడు. ఈ మొహం చూశాక ఎవరో అర్థమైంది. మెడ వెనక ఎరుపు ఇంకా ఎరుపైంది. ఆట అయ్యేదాకా మళ్ళీ నోరు విప్పలేదు. అన్నయ్యగారు జేబులోంచి పల్లీలు తీసి, గుప్పిట్లో పట్టుకుని, తినకుండా మళ్ళీ జేబులోనే వేసుకున్నారు.

ఆ తర్వాత ఆయన జీవితంలో చెప్పుకోవడానికి పెద్ద మలుపులేం లేవు. మరుసటి ఏడాది ఎండాకాలానికి చిన్న కంపెనీలో చిన్న ఉద్యోగం దొరికింది. పాత హోదా రాలేదు, ఆయన అడగనూ లేదు. వంశీ ఇక్కడే చదివి ఇప్పుడు దెబ్బలు తగిలినవాళ్ళ చేత వ్యాయామాలు చేయించే పనిలో ఉన్నాడు. కొడుకు చదువై వెళ్ళిపోయాక కూడా ఆయన ఆగస్టులో స్కూల్ కంచె దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. అక్కడ్నుంచి నాకు ఫోన్ చేసేవారు. "చెల్లె, ఈసారి కూడా పల్చగనే ఉన్నది" అనేవారు. మా అమ్మాయి బ్యాండ్ వదిలేసి ఎన్నేళ్ళో అయినా నేను శ్రద్ధగా వినేదాన్ని. మార్చిలో ఒక పొద్దున గుండె ఆగిపోయింది. కాఫీ కలుపుకుంటూ ఉన్నారట. అంత్యక్రియల రోజున ఆ ముసలి కోచ్ కూడా వచ్చాడు, కర్ర పట్టుకుని. వంశీని కావలించుకుని వాడి వీపు మీద రెండు మూడుసార్లు తట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

నేను ఆయన్ని తలుచుకున్నప్పుడు మాత్రం ఆ సీజన్ చివరి ఆట జరిగిన శనివారమే గుర్తొస్తుంది.

అక్టోబర్ నెలాఖరు. మధ్యాహ్నం ఆట. ఆకాశం బూడిద రంగులో ఉంది, సన్నగా చినుకులు. మన టీం ఎప్పుడో ఓడిపోయింది, గెలిచే ఆశ ఎవరికీ లేదు. చివర్లో అవతలివాళ్ళు, బంతితో దాటితే పాయింట్లొచ్చే గీత దాకా వచ్చేశారు. ఇంకొక్క గజం నెడితే చాలు. అప్పుడు మైదానం అంచున నిలబడ్డ వంశీ ఒంగి, అరచేయి నేలకేసి చూపిస్తూ పదో క్లాసు పిల్లవాడికి అరవడం మొదలెట్టాడు. కిందికి, ఇంకా కిందికి అని. గొంతు పగిలిపోయేలా అరిచాడు. ఆ పిల్లవాడు వాడి వైపు చూసి, కిందికి వంగాడు. కుప్పగా పడ్డారు అందరూ. లేచేసరికి బంతి గీతకి ఇవతలే ఉంది. ఆగింది. మళ్ళీ నెట్టారు, మళ్ళీ ఆగింది. జనం పెద్దగా పట్టించుకోలేదు, సగం మంది అప్పటికే కార్ల వైపు నడుస్తున్నారు. వంశీ ఆ పిల్లవాడి హెల్మెట్ రెండు చేతులతో పట్టుకుని ఏదో చెప్తున్నాడు. అన్నయ్యగారు అది చూశారు. తర్వాత చినుకుల్లో తడుస్తూ ఒక్కరే మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆరోజు వదినకి డ్యూటీ, రాలేదు.

బ్యాండ్ సామాను లారీకి ఎక్కించేసరికి చాలాసేపు పట్టింది. మా అమ్మాయీ నేనూ కారు దగ్గరికి వస్తుంటే పార్కింగ్ దాదాపు ఖాళీ అయిపోయింది. అవతల మూల అన్నయ్యగారి కారు ఇంకా ఉంది. ఇంజన్ ఆగి ఉంది. బండి చెడిపోయిందేమో అని దగ్గరికి వెళ్ళాను.

ముందు సీట్లో వంశీ కూర్చుని ఉన్నాడు. ఆట మాన్పించినప్పటి నుంచి వాడు తండ్రి కార్లో ఎక్కితే వెనక సీట్లోనే కూర్చునేవాడని వదిన చెప్పి ఉంది. ఇప్పుడు ముందు కూర్చుని, సీటు వెనక్కి వాల్చుకుని, తల తండ్రి భుజం వైపు ఒరిగిపోయి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తడి జెర్సీ అలాగే ఉంది. అన్నయ్యగారు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. నన్ను చూసి అద్దం కొంచెం దించారు.

"చప్పుడు చెయ్యకు చెల్లె. పండుకున్నడు."

"ఏమన్నా మాట్లాడాడా అన్నయ్యగారూ?"

"లే. వచ్చిండు, ముందుల కూసున్నడు, పండుకున్నడు."

"చలిగా ఉంది. ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టొచ్చు కదా?"

ఆయన కొడుకు వైపు చూశారు. తెల్లటి గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు. నెలల తరబడి నిద్రలేని మనిషి తనే.

"ఇంటికి పోతే లేస్తడు చెల్లె" అన్నారు గుసగుసగా. "లేస్తే రూంలకి పోయి తలుపేసుకుంటడు. కొద్దిసేపు ఇక్కడ్నే ఉంటం. నువ్వు పో."

అద్దం మెల్లగా పైకి లేపుకున్నారు. నేను మా అమ్మాయిని తీసుకుని వచ్చేశాను. రోడ్డెక్కి మలుపు తిరిగేటప్పుడు చూస్తే, ఆ పెద్ద పార్కింగ్‌లో వాళ్ళ కారు ఒక్కటే ఉంది. వైపర్లు ఆగి ఉన్నాయి, అద్దం మీద చినుకులు పడుతున్నాయి.